గడ్డకట్టిన ఫూరెన్ సరస్సు: గద్దల ముందు చేప ఎవరు వేశారు?

జపాన్‌లో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న పెద్ద దీవి హొక్కైడో. దాని తూర్పు కొసన, నెమురో పట్టణానికి దగ్గర్లో ఫూరెన్ సరస్సు ఉంది. సరస్సు అంటున్నా అది మన పులికాట్ లాంటిదే. ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసే చోటు, పెద్దగా లోతు లేదు. పులికాట్‌కూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట అడ్డం ఉన్నట్టు, ఫూరెన్‌కూ సముద్రానికీ మధ్య షున్‌కునితాయ్ అనే ఇసుక దిబ్బలు ఉన్నాయి. 2005లో ఈ రెంటినీ కలిపి, ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేర్చారు. పులికాట్‌తో పోలిక చలికాలం దాకానే. డిసెంబర్ ఆఖరుకల్లా ఫూరెన్ మీద మంచు పలక పరుచుకుంటుంది. ఆ తర్వాత జాలర్లు దాని మీద స్నోమొబైల్ బండ్లు నడుపుకుంటూ వేటకు వెళతారు.

ఆ బండ్ల వెనకే గద్దలు వస్తాయి. ప్రపంచంలో బరువైన గద్దల్లో ముందు వరసలో చెప్పుకునే స్టెల్లర్ సముద్రపు గద్ద, దానికి చుట్టమైన తెల్లతోక గద్ద, వాటితో పాటు బొంతకాకులు, మామూలు గద్దలు, ఎర్ర నక్కలు. ఒక్కో రోజు సముద్రపు గద్దలే వందల్లో చేరతాయి. చూసేవాళ్లకు మనిషి చెయ్యి పడని అడవిలా కనిపించే ఈ దృశ్యంలో ప్రతి ముద్దకూ మనిషితో ఏదో ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలియకపోతే అక్కడ జరుగుతున్నది సగమే అర్థమవుతుంది.

ముందు వల సంగతి. మంచు గట్టిపడ్డాక జాలర్లు రంపపు మిషన్‌తో దానిలో వరసగా కంతలు కోస్తారు. పొడవాటి కర్రకు తాడు కట్టి, మంచు కిందుగా ఒక కంతలోంచి మరో కంతకు పంపి, ఆ తాడుతో వలను లాగి నీళ్లలో నిలబెడతారు. ఈ వల చేపల వెంట పడదు, అవి తిరిగే దారిలో అడ్డంగా నిలబడి వాటిని సంచిలోకి మళ్లిస్తుంది. రెండు మూడు రోజులకోసారి వచ్చి సంచి పైకెత్తుతారు. కొమాయ్ అనే చిన్న కాడ్ జాతి చేప, వకసాగి, చికా లాంటి సన్న చేపలు అమ్మకానికి వెళతాయి. ధర పలకని చేపలు, మరీ చిన్నవి, ముళ్ల తలకాయ చేపలు మంచు మీదే మిగిలిపోతాయి. వల ఎత్తే రోజు ఏదో, బండి ఎటు నుంచి వస్తుందో గద్దలకు బాగా తెలుసు. షున్‌కునితాయ్ దిబ్బల మీది స్ప్రూస్ చెట్లలో కూర్చున్నవి ఒక్కొక్కటే వచ్చి మంచు మీద వాలతాయి. జాలరి పని చేసుకుంటుంటే కాస్త దూరంలో, ముసుగు కప్పుకున్న మనుషుల్లా కదలకుండా నిలబడతాయి.

బండి వెనక్కి తిరగగానే ఆ నిలకడ చెదిరిపోతుంది. ఒక గద్ద అరచెయ్యంత చేపను కాలి కింద నొక్కి పట్టింది అనుకుందాం. సముద్రపు గద్దల కాళ్లకు పాదాల దగ్గర ఈకలు ఉండవు, అరికాలు గరుకుగా ఉంటుంది కాబట్టి జారే చేప కూడా కదలదు. ఆ చలికి చేప అప్పటికే బిగుసుకుపోవడం మొదలవుతుంది. మొప్పల దగ్గర ముక్కు దించి ఒక్క లాగు లాగితే కండ బయటపడుతుంది. రెండో ముద్ద తీసేలోపే వెనక ఒక బొంతకాకి వచ్చి గద్ద తోక ఈక పట్టుకుని లాగుతుంది. గద్ద వెనక్కి తిరిగిందంటే ముందు నుంచి ఇంకో కాకి ముక్క అందుకుంటుంది. ఈ గొడవ కంటపడి పక్కనున్న మరో స్టెల్లర్ గద్ద రెక్కలు సగం విప్పి, కాళ్లు ముందుకు చాచి, మంచు మీద గెంతుకుంటూ దాని మీదికి వస్తుంది. రెక్కలు పూర్తిగా విప్పితే రెండు మీటర్లు దాటి ఉంటాయి. అంత ఆకారం మీద పడుతుంటే చేప పట్టుకున్నది ఎంత బలమైనదైనా ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ క్షణం చాలు, చేప చేతులు మారిపోతుంది.

మనవాళ్లు 'గద్ద తన్నుకుపోయింది' అని ఊరికే అనలేదు. ఊళ్లో కోడిపిల్లల విషయంలో పుట్టిన ఆ మాట ఈ మంచు మీద ఇంకో అర్థంలో కూడా నిజమే. ఇక్కడ గద్ద తన్నుకుపోయేది ఎక్కువగా ఇంకో గద్ద నోటి కూడే. దానికి కారణం కోపమో దురాశో అనుకోనక్కర్లేదు. చేప ఒక్క మింగుడుకు పోదు, చీల్చుకుని తినడానికి కొన్ని నిమిషాలు కావాలి. మంచు బల్లలా చదునుగా ఉంటుంది, దాక్కోవడానికి చెట్టూ రాయీ ఉండవు. కాబట్టి చేప దొరికిన సంగతి చుట్టూ ఉన్న అందరికీ తెలిసిపోతుంది. నీళ్లలో దిగి కొత్త చేపను పట్టడం కుదరదు, ఎందుకంటే నీళ్లు మూతపడి ఉన్నాయి. ఇన్ని కలిసినచోట ఎదుటివాడి దగ్గర లాక్కోవడమే చౌక బేరం. అందుకే ముక్కు పెద్దది, ఒళ్లు బరువైనది అయిన స్టెల్లర్ గద్ద తెల్లతోక గద్ద మీద చాలాసార్లు పైచేయి సాధిస్తుంది. ఇంకా మచ్చల ఈకలతో ఉన్న పిల్ల గద్దలు ఎక్కువసార్లు వట్టి కాళ్లతో మిగిలిపోతాయి. వాటికి పెద్దవాటి తెలుపు నలుపు రంగు పూర్తిగా రావడానికి అయిదారేళ్లు పడుతుంది. ఆ అయిదారు చలికాలాలు గట్టెక్కడమే వాటి జీవితంలో కష్టమైన భాగం.

ఈ దృశ్యం చూశాక ఒక ప్రశ్న వస్తుంది. ఇవి వేటాడే పక్షులా, చచ్చినవాటి మీద బతికే పక్షులా? బడి పుస్తకాల్లో ఈ రెంటి మధ్య గీత గీసి చెబుతారు. ఫూరెన్ మంచు మీద ఆ గీత నిలబడదు. ఏరు వచ్చి కలిసే చోట, సముద్రపు ముఖద్వారం దగ్గర ప్రవాహం వల్ల కొంత నీరు గడ్డకట్టకుండా మిగులుతుంది. బాతులు, హంసలు ఆ కంతల్లోనే కిక్కిరిసి ఉంటాయి. తెల్లతోక గద్ద ఆ గుంపు మీదుగా తక్కువ ఎత్తులో ఒకటికి రెండుసార్లు ఎగురుతుంది. బాతులన్నీ మునుగుతాయి, లేస్తాయి. వాటిలో ఒకటి ఆలస్యంగా మునిగితే, తొందరగా పైకి వస్తే గద్ద దాని వెంటే పడి మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఇది అచ్చమైన వేట. అదే గద్ద గంట తర్వాత జాలరి వదిలేసిన చేప దగ్గర కనిపిస్తుంది, మరుసటి రోజు ఒడ్డున చచ్చిపడిన జింక మీద ఉంటుంది. పక్షి మారలేదు, ఆ పూటకు దొరికిన తిండి మారింది. నక్క విషయమూ అంతే. మంచు కింద గడ్డిలో ఎలుకను విని దూకే నక్కే గద్దలు వదిలిన ఎముకలు నాకడానికీ వస్తుంది.

చలికాలపు లెక్క అంతా పొదుపు లెక్క. నెమురో వైపు డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. రాత్రి చలి మైనస్ 10 కిందికి దిగే రోజులు చాలా ఉంటాయి. ఏడెనిమిది కిలోల పక్షి గాల్లోకి లేవాలంటే ఎంతో శక్తి పోతుంది. అందుకే రోజులో ఎక్కువ భాగం అవి ఏమీ చెయ్యవు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకుని కూర్చుంటాయి. కాలిలోకి దిగే వెచ్చటి రక్తం, పైకి వచ్చే చల్లటి రక్తాన్ని దారిలోనే వేడి చేస్తుంది కాబట్టి మంచు మీద నిలబడ్డా ఒంటి వేడి కారిపోదు. కెమెరాలతో వచ్చినవాళ్లకు ఈ ఊరికే కూర్చోవడం విసుగు తెప్పిస్తుంది. దగ్గరికి వెళ్లి వాటిని లేపితే మంచి ఫొటో వస్తుందేమో గానీ, గద్ద ఆ పూట తిన్నదాంట్లో కొంత ఆ ఎగరడానికే ఖర్చవుతుంది.

ఇంతకీ ఇన్ని గద్దలు ఇక్కడికే ఎందుకు వస్తున్నాయి? స్టెల్లర్ గద్దలు ప్రపంచం మొత్తం మీద 5,000కు అటూ ఇటూ ఉంటాయని అంచనా. అవి రష్యాలోని కంచట్కా, ఒఖోట్స్క్ సముద్ర తీరం, ఆముర్ నది దిగువ ప్రాంతం, సఖాలిన్ దీవిలో గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. అక్కడి నీళ్లు గడ్డకట్టగానే వాటిలో పెద్ద వాటా దక్షిణానికి దిగి హొక్కైడో చేరుతుంది. 1980ల్లో వీటిలో చాలావరకు ఫూరెన్‌కు ఉత్తరాన ఉన్న రౌసు రేవు దగ్గర చేరేవి. అక్కడ చలికాలంలో పొలాక్ చేపల వేట జోరుగా సాగేది. 1990 ప్రాంతంలో ఏడాదికి లక్ష టన్నుల స్థాయికి చేరిన ఆ వేట, తర్వాత కొద్ది ఏళ్లకే కుప్పకూలింది. పడవల నుంచి జారే చేపలు, వలల్లోంచి రాలే చేపలు పోయాయి. తిండి లేని గద్దలు దీవి లోపలికి చెదిరిపోయాయి. అక్కడ వాటికి ఇంకో విందు దొరికింది.

ఆ విందు సికా జింక. ఇక్కడ నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. హొక్కైడోలో ఒకప్పుడు తోడేళ్లు ఉండేవి. జింకల్ని అవే అదుపులో ఉంచేవి. 1870ల్లో ప్రభుత్వం అక్కడ గుర్రాల ఫారాలు పెట్టింది. తోడేళ్లు గుర్రపు పిల్లల్ని తింటున్నాయని అమెరికా నుంచి సలహాదారుగా వచ్చిన ఎడ్విన్ డన్ స్ట్రిక్‌నైన్ అనే విషం పెట్టిన మాంసాన్ని అడవుల్లో వేయించాడు. చంపి తెచ్చిన తోడేలుకు ఇంత అని బహుమానం కూడా ఇచ్చారు. ఆ శతాబ్దం ముగిసేసరికి హొక్కైడో తోడేలు అంతరించిపోయింది. జింకలు కూడా ఒక దశలో బాగా తగ్గి, రక్షణ దొరికాక మళ్లీ పెరిగాయి. 1990లకల్లా పంటలకు, చెట్లకు పెద్ద బెడద అయ్యాయి. తోడేలు లేదు కాబట్టి ఆ పని తుపాకీ చేతికి వచ్చింది.

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో దీనికి ఉల్టా జరిగింది. అక్కడ 1995లో తోడేళ్లను తిరిగి తెచ్చి వదిలారు. ఇప్పుడు చలికాలంలో అవి చంపిన ఎల్క్ జింక దగ్గర కాకులు, గద్దలు, చిన్న తోడేళ్లలా ఉండే కాయోటీలు వరస కడతాయి. తోడేలు తిని వదిలిన మాంసంలో విషం ఉండదు. హొక్కైడోలో వేటగాడు వదిలిన మాంసంలో ఉంది.

తుపాకీ తగిలిన జింకను వేటగాడు అక్కడే కోస్తాడు. తొడలు, వీపు కండ బండిలో వేసుకుంటాడు. పేగులు, గుండు దూసుకుపోయి నలిగిన కండ మంచు మీద వదిలేస్తాడు. సీసపు గుండు జింక ఒంట్లో దూరగానే చిట్లిపోతుంది. కంటికి కనిపించనంత చిన్న తునకలు ఆ నలిగిన కండలోనే చెల్లాచెదురుగా ఉంటాయి. జింక తోలు దళసరి. కాకి కన్నూ నాలుకా పొడవగలదు గానీ తోలు చీల్చలేదు. కాబట్టి ఏ పక్షి అయినా మొదట నోరు పెట్టేది అప్పటికే తెరిచి ఉన్న చోట, అంటే గుండు తగిలిన గాయం దగ్గర. అందులోనూ పెద్ద ముక్కున్న స్టెల్లర్ గద్ద ముందు తింటుంది, ఎక్కువ తింటుంది. బలంతో గెలుచుకున్న ఆ మొదటి ముద్దలోనే సీసం ఉంటుంది. గద్ద కడుపులోని ఆమ్లానికి ఆ తునకలు కరిగి రక్తంలో కలుస్తాయి. పక్షి నీరసపడుతుంది, తల నిలపలేదు, రెక్క లేవదు, రెట్ట ఆకుపచ్చగా మారుతుంది. అలాంటి పక్షి మంచు మీద ఎన్నో రోజులు బతకదు.

1990ల చివరి చలికాలాల్లో ఇలా చచ్చిపడిన గద్దలు వరసగా దొరకడం మొదలైంది. హొక్కైడోలోనే ఉన్న కుషిరో పట్టణంలో వేటపక్షుల వైద్యానికి పెట్టిన సంస్థ, దాన్ని నడిపే పశువైద్యుడు కెయిసుకే సయితో ఒక్కో కళేబరానికీ ఎక్స్‌రే తీసి, రక్తంలో, కాలేయంలో సీసం కొలిచి ఈ కథను తేల్చారు. 2000లో హొక్కైడో ప్రభుత్వం జింకల వేటలో సీసపు రైఫిల్ గుళ్లను నిషేధించింది. తర్వాత వేట సమయంలో వాటిని దగ్గర ఉంచుకోవడాన్ని కూడా ఆపింది. రాగి గుళ్లు అందుబాటులో ఉన్నాయి, అవి చిట్లవు. అయినా సీసం తిన్న గద్దలు ఆ తర్వాతి ఏళ్లలోనూ దొరుకుతూ వచ్చాయి. గద్దకు జిల్లా సరిహద్దు తెలియదు, గుళ్లు మాత్రం మిగతా జపాన్‌లో అమ్ముతూనే ఉన్నారు. ఒక దీవిలో నిషేధం పెట్టి దేశమంతా అమ్మకాన్ని వదిలేయడం ఇన్నేళ్లు సాగడమే ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. దేశవ్యాప్తంగా దశలవారీగా నియంత్రిస్తామని జపాన్ పర్యావరణ శాఖ చెప్పడానికి 2021 దాకా పట్టింది.

కళేబరం గుండా విషం పాకడం మనకు కొత్త కాదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ పశువు చచ్చాక రాబందు కడుపులోకి వెళ్లి మూత్రపిండాలను పాడు చేసింది. తెల్లవీపు రాబందులు 1990ల నుంచి పదిహేనేళ్లు తిరిగేలోపు దేశంలో 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. ఊరి బయట గొడ్డు పడేసిన చోట వందల్లో వాలిన రాబందుల్ని చూసిన తరం మన ఊళ్లలో ఇంకా ఉంది. వాళ్ల మనవళ్లకు రాబందు సినిమాలో తప్ప తెలియదు. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కడితే అది వార్త అయింది. రెండు చోట్లా తప్పు తిన్న పక్షిది కాదు. చచ్చిన జంతువు ఒంట్లో ఏం మిగిలి ఉందో ఎవరూ ఆలోచించలేదు.

రైళ్ల గొడవ కూడా ఒకటుంది. నెమురో వైపు వెళ్లే రైలు పట్టాల మీద జింకలు గుద్దుకుని చస్తుంటాయి. వాటి మీద వాలిన గద్దల్ని తర్వాతి రైలు గుద్దుతుంది. బరువైన పక్షి, కడుపు నిండా తిన్నాక, చటుక్కున లేవలేదు.

ఇప్పుడు మళ్లీ మంచు మీది చేప దగ్గరికి వద్దాం. జాలర్లు వదిలే చేప మంచిదా చెడ్డదా అని హొక్కైడోలో వాదన ఉంది. రౌసులో పర్యాటకుల పడవలు తేలే మంచు పలకల మీదికి చేపలు విసురుతాయి. ప్రపంచమంతా తిరిగే స్టెల్లర్ గద్దల ఫొటోల్లో చాలావరకు ఆ విసిరిన చేపల మీద వాలుతున్నవే. గద్దల్ని చూడటానికి వచ్చే జనం వల్ల చలికాలంలో ఆ ఊళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి. గద్దను బతికించాలన్న ఆసక్తి కూడా పెరుగుతుంది. మరోవైపు ఒకే చోట వందల పక్షులు గుమిగూడితే జబ్బు పాకడం తేలిక. 2022లో హొక్కైడోలో బర్డ్ ఫ్లూ తెల్లతోక గద్దల్లో, బొంతకాకుల్లో కనిపించింది, ఒక నక్కలో కూడా దొరికింది. పడవ కనిపిస్తేనే తిండి అని అలవాటైన పిల్ల గద్ద పడవలు రాని రోజు ఏం చేస్తుందన్న భయమూ ఉంది.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఫూరెన్ జాలరి గద్ద కోసం వల వేయడు. తన బతుకు తాను చూసుకుంటూ అమ్ముడుపోని చేపను మంచు మీద వదులుతాడు. అది ఆ నీళ్లలోని చేపే, గద్ద మామూలుగా తినేదే, రోజుకు ఎంత దొరుకుతుందో కూడా వల మీదే ఆధారపడి ఉంటుంది. పర్యాటకుల కోసం పెట్టెలకొద్దీ చేప కొనితెచ్చి, మంచి వెలుతురులో, కెమెరాలకు ఎదురుగా విసరడం వేరే పని. అందులో గద్ద ఎప్పుడు ఎక్కడ ఉండాలన్నది గద్ద చేతిలో ఉండదు. మొదటిదాన్ని ఆపాల్సిన అవసరం కనిపించదు. రెండోదానికి హద్దులు కావాలి. పెట్టే చేప తగ్గించడం, పెట్టే చోట్లు మార్చడం, జబ్బు కనిపించిన ఏడాది పూర్తిగా మానెయ్యడం కష్టమైనవేమీ కావు. నక్కకు మాత్రం ఎవరూ చేతితో తిండి పెట్టకూడదు. అక్కడి నక్కల్లో ఎకినోకాకస్ అనే బద్దెపురుగు ఉంటుంది, అది మనిషి కాలేయాన్ని పట్టుకుంటుంది.

చూడటానికి వెళ్లేవాళ్లకు ఫూరెన్ ఒడ్డున పక్షుల కేంద్రం ఉంది. వెచ్చటి గదిలో అద్దాల వెనక నుంచి టెలిస్కోప్‌తో చూడొచ్చు. గద్దను ఒక్కదాన్నే చూడకుండా అది దేని చుట్టూ ఉందో చూస్తే చాలా తెలుస్తుంది. గద్దలు మంచు మధ్యలో గుంపుగా ఉంటే అక్కడ వల ఎత్తారన్నమాట. ముఖద్వారం దగ్గర చెట్ల మీద విడివిడిగా ఉంటే బాతుల కోసం కాచుకున్నాయి. ఒడ్డున రెల్లు దగ్గర కాకులు ముందు దిగి, గద్దలు తర్వాత వచ్చాయంటే అక్కడ జింక పడి ఉండొచ్చు. ఆ మూడో గుంపులో ఒక పక్షి తల వాల్చి, మిగతావి లేచినా లేవకుండా ఉంటే, కింద మంచు మీద ఆకుపచ్చటి మరక కనిపిస్తే, కేంద్రంలో ఉన్నవాళ్లకు వెంటనే చెప్పాలి. కుషిరో నుంచి డాక్టర్లు వచ్చేలోపు ఇంకో రాత్రి గడవకూడదు.

మార్చిలో పలక అంచుల నుంచి మెత్తబడుతుంది. జాలర్లు వలలు తీసేస్తారు. పెద్ద గద్దలు ముందు బయలుదేరతాయి. హొక్కైడో ఉత్తరపు కొస అయిన సోయా అగ్రం చేరి, గాలి అనుకూలించిన రోజు నలభై కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి సఖాలిన్ వైపు వెళతాయి. వాటికి అక్కడ గూళ్లున్నాయి. మచ్చల ఈకల పిల్ల గద్దలకు ఆ తొందర లేదు. మంచు ముక్కలుగా విడిపోయి నీళ్లు తెరుచుకున్న ఫూరెన్ మీద, తెల్లతోక గద్దల మధ్య, అవి ఇంకొన్ని వారాలు సొంతంగా చేప పట్టడం నేర్చుకుంటూ ఉండిపోతాయి.